సముద్రం లేని ఊళ్ళో ఓడల సభ

మా కాకినాడ రేవు పక్క పేటలో ఆడవాళ్ళెవరూ రైలెక్కి బెజవాడ దాటి ఎరగరు. నేను దాటాను. నిజాం రాజ్యంలో అమీర్‌పేట దాకా వెళ్ళి వచ్చాను. వచ్చిన దగ్గరనుంచి అందరూ అడగడమే: ఊరెలా ఉంది, ఏం పెట్టారు, మనుషులు మంచివాళ్ళేనా అని. ఒకరికి చెప్పిందే మరొకరికి చెప్పి నోరెండిపోతోంది. నా చదువు పేరు రాసుకునేంత వరకే. అందుకని నేను చెబుతుంటే రాయించాను. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి పెట్టండి.

నేను ఊరు చూడ్డానికి పోలేదు. పునిస్త్రీనో విధవనో తేల్చుకుందామని పోయాను.

మాలో మగవాళ్ళు ఓడ కళాసీలు. ఓడ మీద పోయినవాడు తిరిగి రాకపోతే ఊరికే పోయాడనుకోవడానికి లేదు. చావు చూసినవాడు ఒకడు రావాలి. మా సముద్రపు ఉప్పు గుప్పెట్లో పట్టుకుని, ఆ ఇల్లాలి ఎదట నిలబడి, చూసింది చూసినట్టు చెప్పాలి. ఆ ఉప్పు నీళ్ళలో కలిపి ఆవిడ తలమీద పోస్తారు. అప్పుడే తాళి తీస్తారు. అంతదాకా బొట్టు పెట్టుకోవలసిందే. ఉప్పు పట్టి అబద్ధమాడినవాణ్ణి సముద్రం వదలదని మావాళ్ళ భయం.

జపాను విమానాలు వచ్చిన వేసవిలో మా ఇంటాయన ఎక్కిన ఓడ మునిగిందని కబురొచ్చింది. చూసినవాడు రాలేదు. యుద్ధమే అయిపోయింది. బర్మాలో రంగం రేవులో ఇంకొకత్తెను కట్టుకుని ఉంటాడని మా అత్త. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "ఎవరి కోసమే ఇంకా ఈ సింగారం?" అని. ఆయన ఇంకొకత్తెతో ఉన్నా సరే, ఉంటే చాలనుకున్న రోజులున్నాయి. ఛీ, పోయాడని తేలితే కడుపారా ఏడుద్దును కదా అనుకున్న రోజులూ ఉన్నాయి.

అలా ఉండగా రైల్లో బొగ్గు వేసే మా పేట మనిషి ఒకడు హైదరాబాదు నుంచి వచ్చి చెప్పాడు. ఆ ఓడ మీదే పనిచేసిన పోలయ్య బతికే ఉన్నాడట. అమీర్‌పేటలో దేవదానం పంతులని ఒకాయన పెట్టే సభల్లో, మన దేశానికి మన ఓడలుండాలని చెబుతున్నాడట. ఆ చెప్పడంలో మా ఇంటాయన పేరూ వస్తుందట.

ముంతలో ఉప్పు పోసి గుడ్డ కట్టుకుని బయల్దేరాను.

సరిహద్దులో

బెజవాడ దాటాక ఒక స్టేషన్లో నిజాం సుంకం మనుషులు ఎక్కారు. ఒకాయన నా మూట విప్పించాడు. మొదట ఎండు నెత్తళ్ళు బయటపడ్డాయి. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు. తర్వాత ముంత.

"ఇదేంది?"

"ఉప్పు బాబూ."

"ఉప్పు ఎందుకమ్మా అంత దూరం కెళ్ళి మోసుకొస్తున్నవ్? మా హైదరాబాదుల ఉప్పు దొర్కదా?"

"మీ ఉప్పు కూరకి. ఇది సాక్ష్యానికి," అన్నాను.

అతను నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో ముంత మూసి ఇచ్చేశాడు. నెత్తళ్ళు మాత్రం ఎదటి బల్ల మీది ముసలాయన గోల పెట్టి కిటికీలోంచి పారేయించాడు. మంచి నెత్తళ్ళవి. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ చేప మొహం చూడలేదు.

నాంపల్లి నుంచి టాంగాలో

నాంపల్లి స్టేషన్ బయట గుర్రపు టాంగాలు వరసగా ఉంటాయి. నన్ను ఎక్కించుకున్నవాడు ఖాసిం అనే సాయిబు. తెలుగు మాట్లాడాడు గానీ సగం నాకు అందలేదు. దారిలోనే కిరాయి ఇమ్మన్నాడు. మన రూపాయి ఇస్తే, అనుకున్నదానికంటే ఎక్కువ చిల్లర వెనక్కిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. పల్లెటూరిదాన్నని చెల్లని డబ్బులు అంటగడుతున్నాడని నోటికొచ్చినట్టు అన్నాను.

అతను టాంగా ఆపి నవ్వాడు. "అమ్మా, నీది అంగ్రేజోళ్ళ కల్దారు రూపాయి. మా నిజాం హాలీ సిక్క కంటె దీనికి ధర ఎక్కువ. ఎక్కువిస్తున్నా అని తిడ్తున్నవ్, ఇసొంటి సవారీ నాకు ఇంతవరకు తాకలే!"

అక్కడ రాజు వేరు, నాణెం వేరు. బియ్యం ధర మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే, అందనంత ఎత్తున ఉంది. రంగం బియ్యం రావడం మానేశాక జొన్నరొట్టె తినేవాళ్ళు కూడా జొన్నలకు వెతుక్కుంటున్నారన్నాడు.

దేవదానం పంతులుగారి ఇంటికి పోవాలన్నాను.

"ఓడల పంతులా? నేను సుత పోత ఆయన సభలకు. మా అమ్మ హజ్‌కు పోదామని బొంబాయి పోయింది. లడాయి దినాలు. ఓడలు లేవన్నరు. ఉన్న ఓడలు అంగ్రేజోళ్ళయి, వాళ్ళ ఫౌజ్ కోసం పట్టుకపోయిన్రు. ముసాఫిర్‌ఖానల పండుకొని పండుకొని, సముంద్రం చూసి వాపస్ వచ్చింది. ఇంటికొచ్చి సచ్చిపోయింది. మన ఓడ ఒక్కటుంటె పోతుండె కదా?"

నాకూ అదే తోచింది. రంగం పడిపోయినప్పుడు ఓడల్లో దొరలకు చోటు దొరికింది. మనవాళ్ళు అడవుల వెంట నడిచి చచ్చారు. మా వీధిలోనే నడిచొచ్చిన మనిషి ఉంది, బిడ్డల్ని దారిలో పూడ్చి వచ్చింది. మనవాళ్ళు ఎప్పుడో ఓడ పెడితే తెల్ల కంపెనీవాళ్ళు టికెట్టు సగానికి దింపారు. మన ఓడ మూతపడ్డాక మళ్ళీ పెంచారు. ఇదంతా మా రేవులో పసిపిల్లలకు కూడా తెలుసు. ఓడల సభంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోకూడదని ఇదంతా చెబుతున్నాను.

అమీర్‌పేట

అమీర్‌పేట ఊరంటే ఊరు కాదు, పట్నమంటే పట్నం కాదు. జొన్నచేలు, తాటిచెట్లు, నడుమ పెంకుటిళ్ళు. ఎటు చూసినా రాయి మీద రాయి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడతాయన్నట్టు. వాళ్ళకు భయం లేదు, వాటి మీదే బట్టలారేసుకుంటారు.

దేవదానం పంతులు క్రైస్తవులు. మిషను బడిలో చదువు చెబుతారు. ఆయన భార్య సుందరమ్మ ముందూ వెనకా అడక్కుండా కాళ్ళకు నీళ్ళిచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రొట్టె నాకు మింగుడుపడక నీళ్ళు తాగుతుంటే, "మీ దిక్కు మెత్తగ అన్నం తింటరు గద. ఇది దవడలతోని తినాలె, ఫికర్ చెయ్యకు, రెండు దినాలల్ల అలవాటయితది," అంది.

మొగుణ్ణి చూపించి, "ఈయన సముద్రం ఎన్నడన్న చూసిండా అడుగు. హుస్సేన్‌సాగర్ల పడవ ఎక్కితె కండ్లు తిర్గినయి. కని ఓడలు కావాలంటడు. ఓడల మాట వడితె బడికెళ్ళి ఇంటికి తొవ్వ మర్చిపోతడు," అంది.

పంతులు నవ్వారు. "సముద్రం చూడలేదు గని, ఓడ రాకపోతె నీ కుండల బియ్యం ఉండయని సమజయింది."

మంచి మనిషి. మా ఇంటాయన పేరు చెప్పగానే లేచి నిలబడి చేతులు జోడించారు. "ఆయన భార్యవా తల్లీ? ఆయన కథ విని ఈడ ఏడ్వని మనిషి లేడు."

నాకు తెలియని నా మొగుడి చావు అమీర్‌పేటంతటికీ తెలుసు.

ఆ సాయంత్రమే బడి ముందర సభ. ఆడవాళ్ళం ఓ పక్క చాప మీద కూర్చున్నాం. పోలయ్య బల్ల మీదికి ఎక్కాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. మా పక్క పేటవాడే, మా పెళ్ళిలో కావిడి మోసినవాడు. నన్ను చూడలేదు.

ఏం చెప్పాడో చెబుతాను. తెల్లవాళ్ళ ఓడట. బాంబు పడగానే తెల్ల కెప్టెను పిస్తోలు తీసి, నల్లవాళ్ళు పడవల దగ్గరికొస్తే కాలుస్తానన్నాడట. దొరలు పడవలెక్కి పోయారట. మా ఇంటాయన నీళ్ళలో పీకల్లోతు మునుగుతూ, "సోదరా, మన దేశానికి మన ఓడలు ఉన్ననాడు నా ఆత్మ శాంతిస్తుంది," అన్నాడట.

జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నామె కళ్ళు తుడుచుకుంటూ తనూ కొట్టింది. నా చేతులు చాపకు అంటుకుపోయాయి.

ఎందుకంటే ఆయన్ని ఓడ ఎక్కించడానికి నేను రేవుకు వెళ్ళాను. అది తెల్లవాళ్ళ ఓడ కాదు. మనవాళ్ళు కొత్తగా పెట్టిన కంపెనీది. తెల్ల కంపెనీ జీతం ఎక్కువిస్తానన్నా కాదని మన ఓడేనని ఎక్కాడు. ఇక ఆత్మ శాంతి మాటంటారా, మా ఇంటాయన అలా మాట్లాడితే కుక్కలు కూడా మొరగడం మానేస్తాయి. ఆయన నోరు తెరిస్తే బూతే.

ఓడ అబద్ధం, మాట అబద్ధం. మరి చావు?

సభ ముగిశాక ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. పోలయ్య మొహం బూడిదలా అయింది.

"వదినా! నువ్వా!" కాళ్ళ మీద పడ్డాడు. "అన్న పోయాడు వదినా."

ముంత విప్పాను. "పట్టుకుని చెప్పు."

రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడు దెబ్బకు దాచుకున్నట్టు.

"ఆదివారం పంజాగుట్టలో పెద్ద సభ ఉంది. అది కానీ వదినా, అప్పుడు పడతాను."

"ఇన్నాళ్ళూ నా బొట్టు నీ సభ కోసమేనా ఆగింది?"

కాలీడ్చుకుంటూ పోయాడు. ఆ రాత్రి నాకు ఆశ పుట్టింది. దిక్కుమాలిన ఆశ. ఆయన ఎక్కడో ఉన్నాడు, వీడు దాస్తున్నాడు అని.

పంజాగుట్ట దారి

మర్నాడు పొద్దున్నే పోలయ్య పనిచేసే బంగళాకు బయల్దేరాను. సుందరమ్మ తోడొచ్చింది. దారిలో గోషా కట్టిన బండ్లు పోతుంటాయి. తెరల వెనక నవాబుల ఆడవాళ్ళు ఉంటారు, గాజుల చప్పుడు తప్ప మనిషి కనబడదు. మనవైపు ఎంత కలిగినవాళ్ళయినా తల మీద కొంగుతో సరిపెట్టుకుంటారు. పడమటి దిక్కున బంజారా కొండలు. మేకలూ బండలూ, అక్కడక్కడ గొప్పవాళ్ళ మేడలు. ఒక చోట సుందరమ్మ టీ తాగించింది. సాసర్లో పోసుకుని జుర్రుకుంటూ తాగాలట. నా నాలుక కాలింది.

పంజాగుట్టలో ఒక వకీలుగారి బంగళా. పోలయ్య ఆ తోటకు నీళ్ళు పెడతాడు. గేటు దగ్గర మమ్మల్ని చూసి చెట్ల వెనక్కి తప్పుకున్నాడు. నేను గేటు ముందు నేల మీద కూర్చున్నాను. ఎండెక్కింది. లోపలికి పోయే పెద్దమనుషులు నన్ను దాటుకుంటూ పోయారు.

సుందరమ్మే కేకేసింది. "ఓ పోలన్నా! సభల పులి లెక్క గర్జిస్తవ్, ఆడిమనిషి ముంగట పిల్లి లెక్క దాస్కుంటవేందయ్యా? బయటికి రా!"

వచ్చాడు. తోట వెనక బండల మధ్య ఒక దిగుడుబావి ఉంది. అక్కడికి తీసుకుపోయాడు.

"ఇక ఓడెక్కవు కదా, సముద్రానికి ఏం భయం నీకు?" అన్నాను.

"సముద్రానికి కాదు వదినా. అన్న ఉన్నాడుగా అందులో."

చెయ్యి చాపాడు. ఉప్పు పోశాను. గుప్పెట బిగించి, చూసింది చూసినట్టు చెప్పాడు.

"మన ఓడే. బాంబు పడ్డా గబుక్కున మునగలేదు వదినా. వంట గిన్నెలు సర్దుకునేంత సేపు నీళ్ళ మీదే ఉంది. ఓడకు వేలాడదీసిన పడవలు దింపుకుంటే అందరం బతికేవాళ్ళం. దిగలేదు. వాటి తాళ్ళ కప్పీలు తిరగలేదు."

"ఎందుకు తిరగవు?"

"రంగు. ఓడ బయల్దేరే రోజు పెద్దలు దండలు వేయడానికి వస్తున్నారని మా కళాసీల మేస్త్రీ, సారంగు, ఓడంతా రంగు కొట్టమన్నాడు. కప్పీలు విప్పి, కొవ్వు పూసి, తాళ్ళకు అంటకుండా కొట్టాలి. టైము లేదు, మీద మీద లాగించండ్రా అన్నాడు. లాగించాం. నేనూ కొట్టాను వదినా, అందుకే నీ ఎదటికి రాలేకపోయాను. ఆ తర్వాత ఏ రేవులో ఏ పెద్దమనిషి ఓడ చూడ్డానికి వచ్చినా మళ్ళీ ఒక పూత. తాడూ, కప్పీ, ఇనుమూ ఒకటే ముద్దయిపోయింది. ఒకసారి దింపి చూద్దామని అన్న అడిగాడు. తెల్లటి పడవలు, గీతలు పడతాయని వద్దన్నారు."

ఆ తెల్లటి పడవలు నేనూ చూశాను. రేవులో పూలు చల్లుతుంటే ఎండకు హంసల్లా మెరిశాయి. ఎంత బాగున్నాయో అని పక్కవాళ్ళకు చూపించాను.

"అన్న గొడ్డలి తెచ్చి తాడు నరికాడు. ఒకవైపే తెగింది. పడవ ముక్కు కిందికి ఊగి వచ్చి అన్న ఛాతీకి కొట్టింది. నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ పైకి రాలేదు. చెక్క పట్టుకుని తేలుతూ నేను చూశాను. చూశాను వదినా."

"చివరికేమన్నాడు?"

పోలయ్య తల దించుకున్నాడు. "నరుకుతున్నంత సేపూ సారంగుని తిట్టాడు. వాళ్ళమ్మని, వాళ్ళక్కని... నీ ముందు చెప్పలేను."

అప్పుడు నమ్మాను. అది మా ఇంటాయన నోరే.

"మరి ఆ పిస్తోలు, ఆ దొర?"

"మొదటి సభలో నిజమే చెప్పాను వదినా. జనం తలలు దించుకుని లేచిపోయారు. ఇంకోచోట ఎవరో, తెల్లవాళ్ళ ఓడే కదా అన్నారు. ఊఁ అన్నాను. చప్పట్లు కొట్టారు. పంతులుగారికి తెలియదు. నన్నెవరూ మనిషిలా చూడని ఊళ్ళో చప్పట్లు కొట్టారు వదినా."

మా వాళ్ళెవరూ లేరు. సుందరమ్మే బావిలోంచి నీళ్ళు తోడింది. ఉప్పు కలిపి నా తలమీద పోసింది. "మా దాంట్ల ఇది లేదమ్మా, తప్పయితె నన్ను అనకు," అంటూ పోసింది. గాజులు బండకేసి నేనే కొట్టుకున్నాను. తాళి నేనే తీసుకున్నాను. ఏడుపు రాలేదు. ఎండకు బండ కాలుతోంది, దాని మీదే కూర్చుండిపోయాను.

ఆదివారం

జరిగింది చెబితే పంతులుగారు రెండు పూటలు అన్నం తినలేదు. చివరికి నా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"తల్లీ, పోలయ్యను ఇగ మాట్లాడనియ్య. కని నువ్వు గిది సభల చెప్పకు. మన కంపెనీ ఓడల్నే మనోళ్ళు సచ్చిన్రంటె, మన ఓడలకు ఎవ్వలు చెయ్యెత్తుతరు? తెల్లోళ్ళు నవ్వుతరు. నూరేండ్లకు సుత మనకు ఓడ రాదు."

"చెప్పకపోతే ఓడ వస్తుంది బాబూ. పడవ దిగదు."

ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళారు. తర్వాత, "నేను ఆపను," అన్నారు. అంతే అన్నారు.

చర్చి ప్రార్థన అయ్యాక వకీలుగారి తోటలో సభ. షావుకార్లు, గుమాస్తాలు, బడి పంతుళ్ళు, సాయిబులు. ఓ పక్క పోలీసు జవాను నిలబడి వింటున్నాడు. ఖాసిం టాంగా కట్టేసి వచ్చాడు. పంతులుగారు బియ్యం గురించి, రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళ గురించి చెప్పారు.

ఒక షావుకారు లేచాడు. "పంతులూ, మనకు సముద్రమే లేదు. ఓడ తెచ్చి మూసీల ఇడుద్దమా?"

అందరూ నవ్వారు. వెనకనుంచి ఇంకొకడు, "ఏ దేశం ఓడలు గవి? ముందు మనది ఏ దేశమో చెప్పుండ్రి!" అన్నాడు. జవాను అటు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడు నన్ను పిలిచారు. బోడి నుదురుతో ఎదురొచ్చానని ముందు వరసలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు.

"నా మొగుడు మన ఓడ మీదే చచ్చాడు," అన్నాను.

చప్పట్లు. దేశం కోసం ప్రాణమిచ్చాడనుకున్నారు. ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత రంగు సంగతి చెప్పాను. దండల సంగతి, కప్పీల సంగతి, ముక్కు కిందికి ఊగిన పడవ సంగతి. పిస్తోలూ దొరా ఎవరూ లేరని చెప్పాను. వెనక నిలబడ్డ పోలయ్య, "నిజం. నేను చెప్పిందే అబద్ధం," అని గట్టిగా అన్నాడు.

షావుకారు చెప్పులు వెతుక్కున్నాడు. అతని వెంట కొందరు లేచారు.

ఖాసిం అడిగాడు. "అమ్మా, మరి మన ఓడలు వద్దంటవా?"

"వద్దనను నాయనా. పరాయివాడి ఓడలో చస్తే అడగడానికి లేదు, వాడిది. మనదైతే మెడ పట్టుకుని అడగొచ్చు. దండ వేసే ముందు ఆ పడవ నీళ్ళలోకి దింపి చూపించమనండి. దిగితే వేయండి. దిగకపోతే ఆ దండ నాలాంటి వాళ్ళ గుమ్మానికి కట్టండి."

ఇక చప్పట్లు లేవు. పంతులుగారు లేచారు. దేశానికి సొంత ఓడలుండాలన్న మాట, ముందు పడవ దింపి చూపించాలన్న మాట కలిపి తీర్మానంగా చదివి, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు.

ఎవరూ కదల్లేదు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. సగం కుర్చీలు ఖాళీ.

నేనెత్తాను. గాజులు లేని చెయ్యి, చప్పుడు లేకుండా లేచింది. నొప్పెట్టేదాకా అలాగే ఎత్తి పట్టుకున్నాను. ఖాసిం ఎత్తాడు. సుందరమ్మ ఎత్తింది. పోలయ్య ఎత్తబోయి, ఎత్తవచ్చునా అన్నట్టు నా వైపు చూశాడు.

నేను తలూపాను.